పదిహేడో గడి

కోటిలింగం గారి కంప్యూటర్‌కి నీలం తెర పడినప్పుడల్లా ఆ ఇల్లు మొత్తం చివరిసారి సేవ్ చేసిన నిమిషానికి వెనక్కి పోయేది. వండిన అన్నం బియ్యమయ్యేది. తాగిన కాఫీ గిన్నెలోకి చేరేది. మధ్యలో ఇంట్లోకి వచ్చినవాళ్లు గేటు బయట తేలి, ఇంకా లోపలికి రానివాళ్లలాగే గంట కొట్టేవాళ్లు. జరిగింది ఎవరికీ గుర్తుండేది కాదు, ఆ వేళ కీబోర్డు ముందు కూర్చున్న మనిషికి తప్ప. ఆ ఇంట్లో కీబోర్డు ముందు కూర్చునేది కోటిలింగం గారొక్కరే.

ఊళ్లో ఇలాంటి ఇళ్లు ఇంకో పదిదాకా ఉన్నాయి కాబట్టి దీన్నెవరూ వింతగా చూడలేదు. వార్డు ఆఫీసు వాళ్లు వచ్చి గోడకి ఒక కాగితం అంటించి వెళ్లారు. గేటు బయట తేలిన చుట్టాలను మళ్లీ మొదటినుంచి పలకరించి తీరాలనీ, వెనక్కి పోయిన సమయంలో జరిగిన పోట్లాటలు చెల్లవనీ, ఆ సమయంలో ఇచ్చిన మాటకు ఇంటి యజమాని బాధ్యుడు కాడనీ అందులో ఉంది. మూడోది కోటిలింగం గారికి బాగా నచ్చింది. దాని కింద పెన్సిల్‌తో గీత కూడా గీసుకున్నారు.

ఆయన కాలవల ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు రికార్డు గుమస్తాగా చేసి దిగారు. ఏ సంగతినైనా ఎవరికీ తగలకుండా రాయడంలో దిట్ట. ఒక ఏడు గట్టు తెగి నాలుగు ఊళ్ల చేలు మునిగితే, "నీటి లభ్యత ఆశించినదానికన్నా అధికంగా ఉన్నందున" అని రాసి పై ఆఫీసరు చేత శెభాష్ అనిపించుకున్న మనిషి. ఇంట్లోనూ అదే చెయ్యి. మూడు నెలల కిందట బావమరిదికి, "అనారోగ్యం వల్ల గృహప్రవేశానికి రాలేకపోయాం" అని ఉత్తరం కొడుతుండగానే మొదటి నీలం తెర పడింది.

ఇక ఆ రోజు సంగతి. ఆయన భార్య మాణిక్యం యాభై ఐదేళ్ల వయసులో దూరవిద్యలో పదో తరగతి పరీక్ష రాస్తానంది. దరఖాస్తుకు ఆ సాయంత్రం ఐదింటితో గడువు. లెక్కల పుస్తకానికి అట్ట కూడా వేసుకుంది. నెట్ సెంటర్లో పదిమందిలో నిలబడి "పదో తరగతికండీ" అనడం ఆవిడ వల్ల కాదు. "ఈ యేడు తప్పితే మళ్లీ నాకింత ధైర్యం రాదండీ, మీరే ఇంట్లో కూర్చుని కొట్టిపెట్టండి" అని అడిగింది. పెళ్లయిన ముప్ఫై తొమ్మిదేళ్లలో ఆవిడ అడిగినవి చాలా తక్కువ. అందుకే ఆయన ఆ పని పట్టుదలగానే మొదలుపెట్టారు.

పది గంటల అయిదు నిమిషాలకు ఆవిడ ఫోటో ఎక్కించి సేవ్ చేశారు. పేరు, పుట్టిన తేదీ, ఆధార్, పుట్టుమచ్చలు అన్నీ సాఫీగా పోయాయి. పదిహేడో గడి దగ్గర ఆగారు. "చదువు ఆపివేయుటకు కారణం. అభ్యర్థి సొంత మాటల్లో, నూరు అక్షరాలకు తగ్గకుండా."

"మాణిక్యం, చదువు ఎందుకు ఆపావని అడుగుతున్నారు," అని కేకేశారు.

ఆవిడ బియ్యం కడుగుతున్నదల్లా చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మానికి ఆనుకుని చెప్పింది. "పెళ్లయిన రెండో నెల్లో పరీక్షలొచ్చినయి. హాల్ టికెట్టు కూడా వచ్చింది. మీరు సైకిల్ మీద తీసికెళ్తానన్నారు. నేను తయారయ్యి అరుగు మీద కూర్చున్నా. మీరు మర్చిపోయి వాలీబాల్ పోటీలకి పోయారు. సందేళ వచ్చి, అన్నం వండలేదా అన్నారు. మొదటి పరీక్షే పోయింది, మిగతావి రాసేం లాభమన్నారు మీ అమ్మగారు. అంతే."

ఆవిడ గొంతులో కోపం లేదు. కూరలో ఉప్పెంత వేసిందీ చెప్పినట్టు చెప్పింది. కోటిలింగం గారు తలూపి, "గృహ సంబంధమైన పరిస్థితుల దృష్ట్యా విద్యాభ్యాసము కొనసాగించుటకు వీలుపడనందున" అని మొదలుపెట్టి నూరక్షరాలూ నింపి, సేవ్ నొక్కారు. తెర నీలమైంది. కంప్యూటర్‌కి ఒక సమస్య ఎదురైందని తెల్లటి అక్షరాలు వచ్చాయి. గోడ గడియారం పదీ అయిదుకు పోయింది. వంటింట్లో బియ్యం మీద మళ్లీ నీళ్లు పడిన చప్పుడైంది.

రెండోసారి ఆవిడ చేత మళ్లీ చెప్పించుకుని "అనారోగ్య కారణముల వలన" అని కొట్టారు. నీలం తెర. మూడోసారీ చెప్పించుకుని "రవాణా సౌకర్యము అందుబాటులో లేనందున" అని కొట్టి, ఇది మాత్రం అబద్ధం కాదు కదా అనుకున్నారు. నీలం తెరే. నాలుగోసారికి ఇది తన వల్ల అయ్యే పని కాదని మెకానిక్ యోహానుకి ఫోన్ చేశారు.

యోహాను ఇరవై ఏళ్లుగా ఆ పేటలో కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. వచ్చి, పెట్టె విప్పి, బ్రష్‌తో దుమ్ము దులిపి, మెమరీ ముక్క ఊడదీసి తుడిచి మళ్లీ గుచ్చాడు. ఈ మధ్య కొత్తగా ఏమన్నా ఎక్కించారా అని అడిగాడు. చూసిందంతా నోటు పుస్తకంలో రాసుకున్నాడు. కోటిలింగం గారు మాణిక్యాన్ని పిలిచి, కారణం మళ్లీ చెప్పించుకుని, "అనివార్య కారణముల వలన" అని కొట్టారు. యోహాను గేటు బయట తేలాడు. నోటు పుస్తకం తెల్లగా ఉంది.

"కంప్యూటర్ బాగోలేదని ఫోన్ చేశారు గదండీ," అన్నాడు యోహాను గంట కొట్టి.

"ఇది నువ్వు రెండోసారి రావడం. దుమ్ము దులిపావు, మెమరీ చూశావు. అవి కాదు."

"అట్టనా. అయితే వేడెక్కుతుందేమో చూద్దాం," అని యోహాను చెప్పులు విడిచాడు. ఇలాంటి ఇళ్లకి వెళ్లడం అలవాటైనవాడు కాబట్టి రెండో ప్రశ్న వేయలేదు.

వేడి కాదు. కరెంటు కాదు. ముఖ్యమైన ప్రోగ్రాములు తప్ప మిగతావన్నీ ఆపేసి నడిపినా అంతే. బయట మిల్లు సైరన్ ఒంటిగంట కొట్టింది. ఇంట్లో మాత్రం ఎప్పుడూ పదికీ పదకొండుకీ మధ్యే. కోటిలింగం గారి కడుపులోకి ఒక్క మెతుకు చేరేది కాదు, చేరినా నిలిచేది కాదు.

ఇంతలో ఇంకొకటి జరుగుతూ వచ్చింది. మొదటిసారి ఆయన చెవిన పడింది హాల్ టికెట్టు ఒక్కటే. ఐదోసారికి, ఆవిడ ఆ రోజు ఆకుపచ్చ చీర కట్టుకుందని విన్నారు. అడిగితే చెప్పింది. ఆరోసారి, రెండు పెన్నుల్లో సిరా నింపుకుందని, ఒకటి పక్కింటి పిల్ల దగ్గర అరువు తెచ్చుకుందని చెప్పింది. ఏడోసారి, ఎండ అరుగు మీదికి వస్తుంటే జరిగి జరిగి గోడకు ఆనుకుని కూర్చున్నానంది. తెలుగు పరీక్ష ఆ రోజు, పద్యాలన్నీ అప్పజెప్పుకుంటూ కూర్చున్నానంది. ఎదురుగా బడిపిల్లలు పరీక్ష రాసి ఇళ్లకు పోతుంటే లోపలికెళ్లి తలుపేసుకుందట. కోటిలింగం గారికి ఆ పదహారేళ్ల పిల్లను ఎత్తుకుని సైకిల్ మీద కూర్చోబెట్టాలనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎనిమిదోసారి ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "నాది తప్పు మాణిక్యం. చాలా పెద్ద తప్పు," అన్నారు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని, ఆయన జుట్టు సరిచేసి వెళ్లింది. ఆయన గుండె తేలికపడింది. క్షమాపణ ఇంట్లో సంగతి, దరఖాస్తు ఆఫీసు సంగతి, దేని మర్యాద దానిదే అని ఆయన నమ్మకం. అందుకని పదిహేడో గడిలో "కుటుంబ సభ్యుని వ్యక్తిగత కార్యక్రమము వలన" అని కొట్టారు.

తొమ్మిదోసారి ఆవిడ పొడి కళ్లతో, తడి చేతులతో గుమ్మంలో నిలబడి మళ్లీ హాల్ టికెట్టు దగ్గరనుంచి మొదలుపెట్టింది. ఆయన మళ్లీ చెయ్యి పట్టుకున్నారు. కానీ ఈసారి మాటలు అంత బాగా కుదరలేదు. "ఏందండీ, ఒంట్లో బాగానే ఉందా," అని ఆవిడ నుదురు తాకి చూసింది.

పదోసారీ తెర నీలమయ్యేసరికి వీధిలో నాలుగున్నర. యోహాను గేటు తీసుకుని వస్తూ, "ఎన్నోసారి సార్ నేను రావడం?" అని తనే అడిగాడు. కోటిలింగం గారు అతన్ని మెట్ల మీదే కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పారు.

"ఇన్నిసార్లూ ఆ గడి కాడే ఆగుతుందంటే మెషీన్లో తప్పు లేదండి," అన్నాడు యోహాను. "ప్రతిసారీ ఏం మారుస్తన్నారు?"

"మాటలు. ఒక్కోసారి ఒక్కో రకంగా రాస్తున్నాను."

"అమ్మగారు చెప్పేది కూడా మారతందా?"

"లేదు. ఆమె చెప్పేది ఒకటే."

"మరదే కొట్టి చూశారా?"

కోటిలింగం గారు చూడలేదు. ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగంలో ఎవరు చెప్పింది వాళ్లు చెప్పినట్టు రాసిన కాగితం ఆయన చేతిమీదుగా ఒక్కటీ పోలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆఫీసరు తన ఇంటి అరుగు గురించి చదువుతాడంటే ఆయనకి చెవులు వేడెక్కాయి. అయినా గడువు అరగంటే ఉంది. లోపలికెళ్లి పిలిచారు.

మాణిక్యం గుమ్మంలో నిలబడి చెప్పింది. ఆయన ఒక్కో మాటా కొట్టారు. "నా భర్త మర్చిపోయి వాలీబాల్ పోటీలకు వెళ్లారు" అన్న దగ్గర వేళ్లు ఆగాయి. ఆవిడే వంగి తెర వైపు చూసి, "మరీ అట్టా రాస్తే బాగోదేమోనండీ. ఒంట్లో బాగోక అని రాయండి, పోనీ," అంది. ఆయన తల అడ్డంగా ఊపి, అన్నం వండలేదా అన్న మాట దాకా కొట్టి, సేవ్ నొక్కారు.

తెర తెల్లగానే ఉంది. దరఖాస్తు అందినట్టు ఒక నంబరు వచ్చింది. మాణిక్యం ఆ నంబరును క్యాలెండరు వెనక రెండుసార్లు రాసుకుంది. యోహాను తన నోటు పుస్తకంలో "లోపము కనబడలేదు" అని రాసి సంతకం పెట్టించుకున్నాడు.

కోటిలింగం గారు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నారు. "నీకు గుర్తుండదు గానీ, పొద్దుటినుంచి ఇది నువ్వు నాకు పదకొండుసార్లు చెప్పావు మాణిక్యం. పదకొండోసారికి గానీ నేను సరిగ్గా వినలేదు," అన్నారు.

"పదకొండేనా?" అంది మాణిక్యం. "పెళ్లయినకాణ్ణుంచీ చెప్తానే ఉన్నా కదండీ. తర్వాతి యేడు పరీక్షలప్పుడు చెప్పా. మీ అమ్మగారు పోయినాక చెప్పా. మీ రిటైర్మెంటు దండ ఇంటికి తెచ్చిన రోజు కూడా చెప్పా. చెప్పిన ప్రతిసారీ ఇప్పుడే వింటన్నట్టు, అవునా అనేవాళ్లు."

"ఎప్పుడు?" అన్నారాయన.

"పర్లేదులెండి, నాకు అలవాటే," అని ఆవిడ పొయ్యి మీద అన్నం చూడటానికి లోపలికి వెళ్లింది. కోటిలింగం గారు కుర్చీలో కూర్చుని, ముప్ఫై తొమ్మిదేళ్లూ ఒక్కొక్కటిగా వెనక్కి వెతికారు. దండ గుర్తుంది. అందులోని బంతిపూల వాసన కూడా గుర్తుంది. ఆవిడ ఆ రోజు ఏదో అంటూ ఎదురుగా నిలబడి ఉండటం గుర్తుంది. ఏమందో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.