శుభం ఎక్కడ పడాలి

ఆ ఆదివారానికి ధనంజయ వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండుకల్లా అన్నం తినడం, పన్నెండున్నరకు పడుకోవడం, నాలుగింటికి లేచి కాఫీ తాగడం. ముప్పైరెండేళ్ళు సినిమా ఆపరేటరుగా చేసి, ఊరంతా పండగ చేసుకునే రోజుల్లో తాను మాత్రం నాలుగాటలూ వేసి, చివరికి రిటైరైన మనిషి ఇంతకంటే ఏం కోరతాడు? తిరుపతిలో చిన్న అద్దె ఇల్లు, ఒక మడత మంచం, కిటికీలోంచి కాస్త గాలి. ఇవి ఉంటే ఆయనకు చాలు. కానీ భార్య మునిలక్ష్మి ఇడ్లీల పళ్ళెం ముందు పెట్టి, అలవోకగా ఒక మాట చెప్పింది.

"మద్యానం ఒకటిన్నరకు టీవీలో గాజుల సినిమా అంట. నిన్న సాయంత్రం తిరుచానూరు పొయ్యి అక్కకు బొట్టు పెట్టి పిలిచొచ్చినా."

"టీవీలో సినిమాకు బొట్టు పెట్టి పిలిచినావా?"

"పెట్టకుంటే ఆయమ్మ వస్తాదా? నీకు తెలీదా ఏమి?"

తెలియకేం, ధనంజయకు బాగా తెలుసు. చేతిలోని ఇడ్లీ ముక్కను తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు.

ఇరవై అయిదేళ్ళ కిందటి మాట. అప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరి కుటుంబాలూ సత్యవేడులోనే ఉండేవి. పెద్దబిడ్డకు చెవులు కుట్టించేటప్పుడు మునిలక్ష్మి తాను వెళ్ళి బొట్టు పెట్టకుండా, అక్క నాగరత్నమ్మకు ఎవరితోనో కబురు పంపింది. ఆ కబురుకు జవాబుగా అక్క నాలుగేళ్ళు మాట్లాడలేదు. ఒకే వీధిలో ఉంటూ, ఒకే కుళాయి దగ్గర బిందెలు పెడుతూ, నాలుగేళ్ళు! అలాంటి రోజుల్లో ధనంజయ పనిచేసే డేరా టాకీసుకు ఒక సినిమా వచ్చింది. దాని అసలు పేరేమైనా జనం మాత్రం గాజుల సినిమా అనేవాళ్ళు. అందులో అక్క తన చేతి గాజులు తీసి, తప్పు చేసిన చెల్లెలికి తొడిగి కౌగిలించుకుంటుంది. వెంటనే శుభం పడింది. దీపాలు వెలిగేసరికి ఆడవాళ్ళ వైపు ఇసుకలో కూర్చున్న నాగరత్నమ్మ లేచి వచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఆ సినిమాను దేవుడే పంపించాడని మునిలక్ష్మి ఇప్పటికీ ఇరుగుపొరుగుకు చెబుతూ ఉంటుంది.

దేవుడు పంపించింది పదహారు రీళ్ళు. ధనంజయ వేసింది పన్నెండు. మొదటి ఆటకూ రెండో ఆటకూ మధ్య ఒక అరగంట నడుం వాల్చడానికి వీలు దొరకక, నలభై రోజులుగా ఒక్క సెలవూ లేక, ఆయన పన్నెండో రీలు చివర శుభం ముక్క అతికించి మిగతా నాలుగు రీళ్ళనూ డబ్బాలోనే ఉంచేశాడు. ఆ నాలుగు రీళ్ళలో చెల్లెలు చేసిన ఇంకో మోసం బయటపడి, అక్క ఆమెను జోరువానలో గెంటేస్తుంది. చెల్లెలు చనిపోతుంది. ఈ సంగతి యజమానికి తెలియలేదు, భార్యకు చెప్పే ధైర్యం ఆయనకు ఎన్నడూ రాలేదు.

"ఇప్పుడు ఆ సినిమా ఎందుకు మే?" అన్నాడు నీరసంగా.

"పోయిన నెల మనవడి అన్నప్రాసనకు కార్డు పోస్టులో పంపిస్తిమి గదా. అక్క రాలా. మళ్ళీ అలిగినట్టుండాది. ఈ సినిమా ఇంకోసారి సూస్తే మనసు కరుగుతాది. ఒకసారి కరిగింది గదా!"

ధనంజయ చెయ్యి కడుక్కుని మిద్దె ఎక్కాడు. వయసులో ఉన్నప్పుడు నాలుగేళ్ళు పట్టిన అలక ఇప్పుడు మొదలైతే ఎంతకాలం పడుతుందో లెక్కేస్తేనే ఆయనకు భయం వేసింది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ అరవై దగ్గర పడుతోంది. ఇంకోసారి రాజీ పడేంత తీరిక ఎవరికీ లేదు. ఆయన యాంటెన్నాను రెండు చేతులా పట్టుకుని, బొమ్మ ఎట్టి పరిస్థితిలోనూ రానివైపు తిప్పడం మొదలుపెట్టాడు.

పక్క మిద్దె మీద వడియాలకు కాపలా ఉన్న సౌందరరాజన్ అది చూశాడు. ఆయన దేవస్థానం ఆఫీసులో గుమాస్తా, ఎవరికి ఏ సాయం కావాలన్నా అడగకముందే చేసే మనిషి. "ఒక్కడివే అవస్థ పడతా ఉండావే ధనంజయా, ఉండు!" అంటూ గోడ దాటి వచ్చి, కడ్డీని తన చేతుల్లోకి తీసుకుని ఇంకో మూర పక్కకు తిప్పాడు.

"ఆ! అట్లే ఉంచండి సామీ!" అని కిందినుంచి మునిలక్ష్మి కేక పెట్టింది. "అద్దం మాదిరి ఉండాది! ఆరునెలల్లో ఇంత బాగా ఎప్పుడూ రాలా!"

సౌందరరాజన్ ఆ కడ్డీని ఇంక ఏ గాలికీ కదలకుండా ఇనుప తీగతో ఏడు చుట్లు చుట్టి, చేతులు దులుపుకున్నాడు. ధనంజయ కిందికి దిగి వచ్చి కడుపు పట్టుకుని మంచం మీద పడుకున్నాడు. పొద్దున ఇడ్లీలు నిజంగానే వదిలేశాడు కాబట్టి ఇది పూర్తిగా అబద్ధం కాదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

"కడుపునొప్పి. ఇంట్లో జనముంటే తట్టుకోలేను. మీ అక్కను ఈ వారం రావద్దని చెప్పించు," అని మూలిగాడు.

ఎట్లాగూ పనిమీద తిరుచానూరు వెళుతున్నానని సౌందరరాజన్ స్కూటరు తీశాడు. ఆయన చెప్పింది నిజానికి మూడే ముక్కలు: ధనంజయకు బాగాలేదు, పడుకున్నాడు, మిమ్మల్ని రావద్దన్నాడు. నాగరత్నమ్మ ఇంట్లో మొదటి రెండింటినీ ఎవరూ పట్టించుకోలేదు. మరదలి మొగుడు మనిషి మొహం చూడనన్నాడంటే పరిస్థితి చెయ్యి దాటిందని ఆమె భర్త కుప్పయ్య తేల్చేశాడు. పన్నెండున్నరకు పూలబుట్టలు వేసుకునే వ్యాను ఒకటి వచ్చి వాకిట్లో ఆగింది. అందులోంచి పదకొండు మంది, ఆరు కొబ్బరిబోండాలు, ఒక చెంబు అమ్మవారి తీర్థం దిగాయి.

"ఎట్లుండాది తమ్ముడూ?" అన్నాడు కుప్పయ్య గద్గదంగా.

"బాగుండానన్నా."

"అందరూ అట్లే అంటారు," అని కుప్పయ్య కళ్ళు ఒత్తుకున్నాడు.

రోగిని ఒంటరిగా ఉంచకూడదు, సినిమా మానుకోకూడదు. రెండూ కుదరాలని నలుగురు మనుషులు మంచాన్ని ధనంజయతో సహా ఎత్తి ముందు గదిలో టీవీ పక్కన దించారు. సౌందరరాజన్ కుటుంబం కూడా వచ్చి చేరింది. నాగరత్నమ్మ మూల గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని కూర్చుంది. చెల్లెలితో ఒక్క మాటా అనలేదు. మునిలక్ష్మి అక్కకు రెండుసార్లు మంచినీళ్ళు ఇచ్చి, రెండుసార్లూ ఖాళీ గ్లాసు మాత్రమే అందుకుంది.

సినిమా మొదలైంది. ఆదివారానికొక భాష సినిమా వేసే ఢిల్లీ టీవీ కాబట్టి అడుగున ఇంగ్లీషులో అక్షరాలు పడుతున్నాయి. కాలేజీలో చదివే సౌందరరాజన్ కూతురు కల్యాణవల్లి అరగంట ఓర్చుకుంది. "మామా, హీరో ఆ ఒక్క మాట చెప్పేదానికి అన్నిసార్లు గోడవైపు తిరుగుతాడెందుకు?" అని అడిగింది. "ఆ కాలంలో టైముండేదమ్మా," అని కుప్పయ్య జవాబు చెప్పి నిద్రపోయాడు. ఆ నిద్రను చూసి ధనంజయకు అసూయ కలిగింది. ఈ సినిమాను ఆయన నలభై సార్లు పైగా వేశాడు గానీ ఎన్నడూ మనసుపెట్టి చూడలేదు. వెలుగు సరిగా పడుతోందా, రీలు ఎప్పుడు అయిపోతుంది అన్నదే ఆపరేటరు చూసేది. ఇప్పుడు మొదటిసారి జనంలో ఒకడిగా చూస్తూ ఉంటే, తాను కోసింది నాలుగు రీళ్ళేనా అని బాధ కలిగింది. హాస్యగాడి రీళ్ళు రెండు, తోటలో పాట ఒకటి హాయిగా తీసెయ్యొచ్చు.

కానీ అక్కాచెల్లెళ్ళు ఎదురుపడ్డ చోటల్లా గదిలో నవ్వులు ఆగిపోయాయి. కల్యాణవల్లి కూడా గడ్డం కింద చేతులు పెట్టుకుంది. మునిలక్ష్మి టీవీ వైపు చూడడం మానేసి అక్క మొహం వైపే చూస్తోంది. అది చూసి ధనంజయకు భార్య మీద జాలి వేసింది. అక్క తెరమీద గాజులు తీసింది, చెల్లెలికి తొడిగింది, ఇద్దరూ కౌగిలించుకున్నారు. మునిలక్ష్మి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ధనంజయ మంచం మీదినుంచి చెయ్యి చాచి టీవీ మీట తిప్పేశాడు. బొమ్మ తెల్లటి చుక్కై ఆరిపోయింది.

"అయిపోయింది. శుభం," అన్నాడు.

"శుభం పడలేదు గదా మామా!" అంది కల్యాణవల్లి.

"నేను చెప్తా ఉండా గదమ్మా."

గది మూలనుంచి చిన్నగా నవ్వు వినిపించింది. నాగరత్నమ్మ నవ్వుతోంది.

"మళ్ళీ కోసినావా మరిదీ?"

ధనంజయ లేచి కూర్చున్నాడు. "నీకు... తెలుసా వదినా?"

"తెలీకేమి? డేరాకు రాకముందే ఈ సినిమా చిత్తూరులో మొత్తం సూసినా. వానలో అక్క చెల్లెల్ని మెడబట్టి గెంటుతాదే, అది నా చెల్లెలు కండ్లారా సూడాల, నేను దాని మొగం సూడాల అనే ఆ పొద్దు డేరాకు వచ్చినా. తీరా సూస్తే యాడుండాది గెంటేది? శుభం పడిపాయ. మా ఇద్దరి కోసరం మరిది సినిమానే కోసి పారేసినాడే అనుకున్నా. అంత పని చేసిన మనిషి ముందర నా పంతమెంత? లేచొచ్చి దీని చెయ్యి పట్టుకున్నా."

మునిలక్ష్మి అక్క దగ్గరికి జరిగింది. "మరి పోయిన నెల ఎందుకు రాలేదక్కా? కార్డు పంపిస్తిమనేనా?"

"కార్డేంది మే! మోకాళ్ళు. బస్సెక్కలేను. మాట్లాడాలన్నా ఇప్పుడు ఈ నొప్పితో విసుగ్గా ఉండాది. ఈ పొద్దు వ్యాను పెట్టినారు గాబట్టి వచ్చినా."

ధనంజయ నిజం చెబుదామని నోరు తెరిచాడు. అప్పుడు మునిలక్ష్మి ఆయన వైపు తిరిగింది. ముప్పైమూడేళ్ళ కాపురంలో ఆమె ఆయనను అట్లా చూసింది లేదు. ఆ చూపుకు ఆయనకు సిగ్గు వేసింది, సంతోషంగానూ ఉంది. "ఏదో, అప్పుడు తోచింది చేసినా," అని మాత్రం అన్నాడు.

"అయితే మిగతాదాంట్లో ఏముండాది?" అంది కల్యాణవల్లి.

"ఏమీ లేదు. ఆయమ్మ చస్తాది, అంతే," అని నాగరత్నమ్మ చెల్లెలి భుజం పట్టుకుని పైకి లేచి, కాఫీ పెట్టమంది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. అక్కడ ఒకేసారి ఇద్దరూ మాట్లాడడం మొదలుపెట్టారు.

సౌందరరాజన్ మంచం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ధనంజయా, వచ్చే ఆదివారం ఏదో మలయాళం సినిమా అంట. వాటిలో చివరికి ఒక్కరూ మిగలరు. మా అమ్మకు రక్తపోటు. నువ్వు మా ఇంటికొచ్చి టీవీ పక్కన కూర్చో. యాడ ఆపాలో నీకైతే తెలుస్తాది." అంతలో నిద్రలేచిన కుప్పయ్య, ఆపై వారం తిరుచానూరు రావాలని, వ్యాను పంపిస్తానని అన్నాడు.

మూడేళ్ళ కిందట సినిమాహాలు యజమాని శాలువా కప్పి మాన్పించిన ఉద్యోగం ధనంజయకు ఆ విధంగా తిరిగి వచ్చింది, ఈసారి జీతం లేకుండా.