పురుగు లేని తీరం

వంద రోజుల్లో మన తీరంలోని ఆల్చిప్పల్లో ఒక్క పరాన్నజీవి కూడా లేకుండా చేస్తామని మత్స్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. వేదిక మీద ఆయన చెయ్యెత్తిన తీరు చూస్తే పురుగులు ఆ సాయంత్రమే మూటాముల్లె సర్దుకుంటాయనిపించింది. నేను తీరంలోని ప్రయోగశాలలో కత్తితో చిప్పలు తెరిచే ఉద్యోగిని. ఇలాంటి నాయకుడి హయాంలో పని చేయడం నా అదృష్టం.

ఆ వారమే మా శాస్త్రవేత్త మేడం నాచేత వంద చిప్పలు తెరిపించి చూస్తే అరవై మూడింట్లో పురుగులున్నాయి. ఏడాది పాటు చిప్పలు తీయడం ఆపేసి, జబ్బువి ఏరేసి, బురదమేటను కోలుకోనివ్వాలని ఆవిడ రిపోర్టు రాశారు. అలా రాయమని వెంటపడింది మా వదిన. పద్దెనిమిదేళ్లుగా ఆ మేట మీద చిప్పలు ఏరి ఇల్లు నడుపుతోంది. ఒక ఏడాది పస్తులైనా ఉంటాం గానీ మేట చచ్చిపోతే మాకు వేరే బతుకు లేదని మేడంతో చెప్పింది.

మంత్రిగారు స్వయంగా వచ్చారు. పురుగు చిప్పను వెంటనే చంపదనీ, లోపల కూర్చుని దాని తిండి తింటుందనీ, గుడ్లు పెట్టనివ్వదనీ, చివరికి మూత బిగించుకునే బలం కూడా చిప్పకి మిగలదనీ మేడం వివరించారు.

"వెంటనే చంపదుగా, మరి తొందరేముంది?" అన్నారు మంత్రిగారు. కాసేపు ఆలోచించి అడిగారు. "ఈ పురుగులు మీకు ఎప్పుడు కనిపించాయి?"

"తెరిచినప్పుడు సార్."

"తెరవకముందు?"

"కనిపించవు సార్."

ఆయన సెక్రటరీ వైపు తిరిగారు. "చూశారా, సమస్యంతా తెరవడంలో ఉంది."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ఇకపై చిప్పల్ని బయటి నుంచే పరీక్షించాలి. నా కత్తిని కవర్లో పెట్టి, లక్కముద్ర వేసి, బీరువాలో దాచారు. నాకు బాహ్య తనిఖీ సహాయకుడిగా ప్రమోషనిచ్చారు. చిప్పను కడిగి, తుడిచి, "ఆరోగ్యవంతం" అని స్టిక్కరు అంటించడం నా పని. మొదటి వారంలోనే జబ్బు అరవై మూడు శాతం నుంచి సున్నాకి దిగింది. మేడంను లైబ్రరీకి బదిలీ చేశారు, అక్కడైతే తెరవడానికి పుస్తకాలు బోలెడు ఉంటాయని.

చిన్న చిక్కొచ్చింది. కొన్ని చిప్పలు ఉత్తర్వు చదవకపోవడం వల్ల వాటంతట అవే నోళ్లు తెరవసాగాయి. వాటికి రబ్బరు బ్యాండ్లు వేయాలని రెండో ఉత్తర్వు వచ్చింది. వదిన గంపతో వచ్చి, ఇంట్లో ఒలిస్తే నీళ్లు తప్ప కండ రావడం లేదంది. ఇంట్లోనైనా సరే తెరవడం నేరమని నేను మర్యాదగా గుర్తు చేశాను. ఆమె చూసిన చూపుకి నాకు సిగ్గేసింది. అయినా ఆ గంపకీ స్టిక్కర్లు అంటించాను.

వందో రోజు ఒడ్డునే సభ పెట్టారు. ధ్రువపత్రం ఇవ్వడానికి వచ్చిన విదేశీ నిపుణుడు చిప్పలు తెరిస్తే గానీ సంతకం పెట్టనన్నాడు. సెక్రటరీ బీరువా తెరిపించారు. లక్క పగలగొట్టి కత్తి నా చేతికిచ్చారు. మేట నుంచి తెచ్చిన వంద చిప్పలు అందరి ముందూ తెరిచాను. ప్రతిదాంట్లోనూ బురదే తప్ప కండ లేదు. నిపుణుడు భూతద్దం పెట్టి గంటసేపు వెతికాడు. ఒక్క పురుగు కూడా దొరక్కపోవడంతో సున్నా అని రాసి సంతకం పెట్టాడు.

చప్పట్ల మధ్య మంత్రిగారు వదినను వేదిక మీదికి పిలిచి రెండు మాటలు చెప్పమన్నారు.

"పురుగు పోయింది సరే అయ్యా, చిప్ప కూడా పోయింది. రేపు దిగి నేనేం ఏరుకోవాలి?"

మంత్రిగారు చలించిపోయారు. పురుగులు మళ్లీ రాకుండా చూసుకునేందుకు అక్కడికక్కడే ఆమెను తీర రక్షకురాలిగా నియమించారు. గౌరవ పదవి కనుక జీతం ఉండదు. ఒక టోపీ, ఒక ఈల ఇచ్చారు.

ఇప్పుడు వదిన పొద్దున్నే వెళ్లి మేట పక్కన కూర్చుంటోంది. మధ్యాహ్నం నేను అన్నం తీసుకెళ్తే నాతో మాట్లాడదు. పురుగు కనిపిస్తే ఈల ఊదాలని నియమం. ఇప్పటిదాకా ఊదాల్సిన అవసరం రాలేదు.