గిన్నె అడుగున యుద్ధనౌక

మార్చి పదో తేదీ ఉదయం వీరభద్రంగారు అల్లప్పచ్చడితో రెండు పెసరట్లు తిని, బీరువాలోంచి పింగాణీ గిన్నె తీసి కడిగారు. లోపల అడుగున యుద్ధనౌక బొమ్మ, దాని కింద ‘బహ్రెయిన్ 1943’ అనే అక్షరాలు. యుద్ధకాలంలో ఇక్కడ, బహ్రెయిన్‌లో, దిగిన నావికులు గుర్తుగా కొనుక్కున్న రకం. భార్య సూర్యప్రభ జిదాఫ్స్ పాతసామాన్ల అంగడిలో బేరమాడి కొన్నది. ఆవిడ కన్నుమూసి రెండేళ్ళు. సాయంత్రం ఇంటి ఓనరు అబూ యూసుఫ్ వచ్చి, మహూజ్ ఊరి చరిత్ర ప్రదర్శనకు ఈ గిన్నె తీసుకెళతాడు. పక్కన కార్డు మీద సూర్యప్రభ పేరు ఉంటుంది. వీరభద్రంగారికి కావలసింది అంతే.

గిన్నెను వంటింటి గట్టు మీద బోర్లించి ఆయన స్నానానికి వెళ్ళారు. కోడలు మధులిక డ్యూటీకి పరుగులో ఉంది. నిన్న పై అంతస్తు సత్యదుర్గ బూరెలు పంపిన గిన్నె ఇదే అనుకుంది ఆమె. ఖాళీ గిన్నె తిరిగి ఇస్తే ఏం బాగుంటుంది? పులిహోర నింపి, ఆవిడ గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి లిఫ్టెక్కేసింది.

“అమ్మాయీ, గట్టు మీద గిన్నె ఏదీ?” వీరభద్రంగారు ఫోన్ చేశారు.

“సత్యదుర్గగారికి ఇచ్చేశా మావయ్యగారూ. ఖాళీగా ఇవ్వలేదు లెండి!”

ఆయన మెట్లెక్కారు.

“అయ్యో బాబాయిగారూ, అది మీదా?” అంది సత్యదుర్గ. “అలా గుమ్మంలో పెట్టేసి పోయేది ఎదురింటి భూలక్ష్మే. అందుకని చేగోడీలు పోసి ఆవిడకిచ్చొచ్చాను. నిలబడే ఉన్నారేంటి? పులిహోర తినండి, మీ ఇంటిదేగా!”

తినక తప్పలేదు. ఎదురింటి తలుపు తట్టారు.

“గది మీదా కాకా?” భూలక్ష్మి నోరు నొక్కుకుంది. “రంజాన్ల ఓనరమ్మ గసొంటి గిన్నెలనే హరీస్ పంపుతది. వాళ్లదే అనుకొని సకినాలు పెట్టి పంపిన. గట్లనే పోతరా? చేగోడీలున్నయ్, సకినాలున్నయ్, కూసోండ్రి!”

కూర్చున్నారు. తర్వాత కింద ఓనరు ఇంటి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయారు. గిన్నె ప్రాణంలా దాచానని చెప్పింది ఈ ఇంటాయనకే. ఇప్పుడు ఏ ముఖంతో అడగాలి?

సాయంత్రం ఉపవాసం విడిచే వేళ దాటాక అబూ యూసుఫే పైకి వచ్చాడు. చేతిలో మూతపెట్టిన గిన్నె.

“మా ఆవిడ హరీస్ చేసింది భాయ్,” అన్నాడు హిందీలో. “ఎవరో కరకరలాడేవి పంపారు. గిన్నె ఎవరిదో తెలియక, ఎలాగూ వస్తున్నానని మీకే తెచ్చాను. సరే, మీ యుద్ధనౌక ఏదీ? క్షేమమేనా?”

వీరభద్రంగారు మూత తీసి చూశారు.

“క్షేమమే. హరీస్ కింద ఉంది.”

అబూ యూసుఫ్ నవ్వు మెట్లదాకా వినిపించింది. మధులిక రెండు చెంచాలు తెచ్చింది. గోధుమ, కోడిమాంసం మెత్తగా కలిసిన హరీస్‌ను ఇద్దరూ తవ్వుతూ పోగా, ముందు పొగగొట్టాలు బయటపడ్డాయి, తర్వాత ఓడంతా.

“కార్డు మీద ‘ఎన్నడూ వాడనిది’ అని రాయించాను,” అన్నాడు అబూ యూసుఫ్. “మార్చాలి. ‘సూర్యప్రభ గిన్నె. మహూజ్‌లో నేటికీ వాడుకలో ఉంది.’ సరేనా?”

వీరభద్రంగారు ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నారు.

అబూ యూసుఫ్ గిన్నె తీసుకుని వెళ్ళాక మధులిక పిలిచింది. “మావయ్యగారూ, భోజనానికి రండి, వడ్డించేశా!”

వీరభద్రంగారు పొట్ట పట్టుకుని తన గదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు. ఆయన ఉపవాసం అప్పుడు మొదలైంది.