సంత్రాగాఛిలో మా వినికిడి యాత్ర

ఈ దేశంలో ఓడిపోయిన పార్టీకి ఉన్నంత వినికిడి శక్తి మరే ప్రాణికీ ఉండదు. వరసగా మూడోసారి ఓడాక మా పార్టీకి కూడా చెవులు మొలిచాయి. పల్లె ఓటర్లు, ప్రాంతీయ భాషల ఓటర్లు మాకెందుకు దూరమయ్యారో తెలుసుకోవడానికి కోల్‌కతాలో, ఒక ఏసీ గదిలో, ఉపసంఘం వెలిసింది. అధ్యక్షుడు తపోబ్రత దా; బెంగాలీలో దా అంటే అన్న, మా అందరికీ ఆయన దాదా. నేను సభ్యుణ్ని. బ్యాంకు మేనేజరుగా రిటైరై, సాయంత్రాలు తోచక పార్టీలో చేరినవాణ్ని. తెలుగువాణ్ని గనక ప్రాంతీయుణ్నని దాదా తేల్చారు. (మరి బెంగాలీలు కారా అని నేనడగలేదు. అప్పటికే చేప వేపుడు వచ్చేసింది.)

యాత్రకు నియమాలు రాశారు. ఓటరు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోవాలి. టీ ఎంత తీపిగా ఉన్నా తాగాలి. వినాలి తప్ప ఏ పనీ ఒప్పుకోకూడదు; కిందటిసారి హామీలే మమ్మల్ని ముంచాయట. ఇక పల్లె ఎక్కడుందన్న ప్రశ్న వచ్చింది. హౌరా వంతెన దాటాక ఉన్నదంతా పల్లేనని తీర్మానించాం.

ఆ లెక్కన నాకు సంత్రాగాఛి రైల్వే యార్డు వెనక బస్తీలో అప్పమ్మ ఇల్లు పడింది. యార్డులో పనిచేసిన భర్త పోయాడు. ఆమెది శ్రీకాకుళం దగ్గర పల్లె. అంటే అటు గ్రామీణం, ఇటు ప్రాంతీయం. (నివేదికలో ఇద్దరిగా చూపించాను.)

నేను వెళ్లేసరికి వాన వెలిసింది గాని, కాలవ నీళ్లు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. పొయ్యి మంచం మీదికెక్కింది. దాని పక్కన నాకూ చోటిచ్చింది అప్పమ్మ. కాళ్లు పైకి ముడుచుకుని శ్రద్ధగా విన్నాను. కాలవ పూడిపోయి నీళ్లు పోవడం లేదని, మనవరాలికి తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టిందని చెప్పింది. మీకు పెద్దవాళ్లు తెలిసే ఉంటారు, ఒక్క ఫోను చెయ్యమంది.

ఆ కాలవలు చూసే ఇంజినీరు నాకు బాగా తెలుసు. ఆయన ఇంటికి బ్యాంకు అప్పు మంజూరు చేసింది నేనే. ఫోను తీశాను. నియమం గుర్తొచ్చింది. తీసిన ఫోను ఊరికే లోపల పెట్టడం బాగుండదని సెల్ఫీ తీసుకున్నాను. (ఫొటోలో పడేలా కాళ్లు నీళ్లలో పెట్టాను.) దుప్పట్లోంచి ఆ పిల్ల నన్నే చూస్తోంది. అప్పమ్మ ఇచ్చిన టీ మహా తీపిగా ఉంది. నియమం కాబట్టి తాగాను.

లేస్తుంటే అప్పమ్మ నీళ్లలో గుమ్మం దాకా వచ్చి, ఏ పార్టీ అని అడిగింది. చెప్పాను.

"గెలిసినప్పుడు ఒక్కలూ రానేదు," అంది.

ఈసారి అలా జరగదని చెప్పబోయాను. అది హామీ అవుతుందేమోనని ఊరుకున్నాను.

"మల్లీ ఓడిపోండి బాబూ," అంది, గొంతులో ఏ కోపమూ లేకుండా. "అలగైనా మా కంటికి అవుపడతారు."

ఓటరు మమ్మల్ని మళ్లీ మళ్లీ చూడాలనుకుంటోందని నివేదికలో రాశాను. దాదా కళ్లు చెమర్చాయి. నన్ను అక్కడికక్కడే ప్రాంతీయ విభాగం కార్యదర్శిని చేశారు. నేను కొంచెం ధైర్యం చేసి, ఇంజినీరుతో ఒక మాట చెప్పి ఆ కాలవ తీయించనా అని అడిగాను.

వచ్చే ఎన్నికలయ్యేదాకా దాని జోలికి పోవద్దన్నారు. పార్టీకి మిగిలిన ప్రజాసమస్య అదొక్కటేనట.