మూడు సరేల విమానం

ఆ శనివారం ఉదయం సరేగారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి బొమ్మ విమానం రెక్కలకు జిగురు రాయాలి, తొమ్మిదింటికి టిష్యూ కాగితం అతికించాలి, పదింటికి దాని మీద నీళ్లు చిలకరించాలి. తడి ఆరేసరికి కాగితం బిగుసుకుని డప్పులా మోగుతుంది. మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తీయాలి. మామగారు చెప్పిన పద్ధతి అది, అందులో ఆలోచించవలసిందేమీ లేదు.

సరేగారు అనేది ఆయన అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్లుగా నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్ దగ్గర కూర్చుంటున్నారు. కుళాయి రావట్లేదన్నా సరే, కుళాయి ఆగట్లేదన్నా సరే. ఒకాయన దారి తప్పి వచ్చి కరెంటు పోయిందని మొత్తుకుంటే, దానికీ సరే అని రాసుకున్నారు. మనిషి బంగారమే, మొహమాటం ఒక్కటే ఆయన్ని నిలువునా ముంచుతుంటుంది.

మామగారి సంగతి వేరు. ఆయన ఎర్ర బస్సు నడిపి రిటైరైన మనిషి. ముప్పయ్యేళ్లుగా తీరిక వేళల్లో రబ్బరు మెలిపెట్టి వదిలితే ఎగిరే విమానాలు చేస్తున్నారు. ఆ పనితనం చెబితే నమ్మరు, చూసి తీరాలి. అగ్గిపుల్ల కన్నా సన్నని, దూదిలా తేలికైన బాల్సా కర్రలతో ఒక్కో రెక్కకు పదకొండు పక్కటెముకలు పెడితే, ఎడమ రెక్కకూ కుడి రెక్కకూ వెంట్రుకవాసి తేడా ఉండదు. అంతటి మనిషి పేరు మాత్రం ఊళ్లోని బొమ్మ విమానాల క్లబ్బు బోర్డు మీద లేదు. విమానం రెండు నిమిషాలు కంటికి కనబడుతూ గాలిలో నిలిస్తేనే, చేసినవాళ్ల పేరు ఆ బోర్డెక్కుతుంది. మామగారి విమానాలన్నీ గీత గీసినట్టు తిన్నగా పోయి, మైదానం గోడ దాటి, గోడౌన్ల వెనక మాయమైపోయేవి. కనబడకపోతే గడియారం ఆపేస్తారు మరి.

ఈ ఏడాది ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. రెండు నెలల్లో అయ్యే ఫ్రేముకు ఏడు నెలలు పట్టింది. "ఇదే నా ఆఖరిది అల్లుడుగారూ. కవరింగ్ ఇక నా చేతుల్తో కాదు. మీరు టిష్యూ వేసి పెట్టండి చాలు," అని అప్పగించి, ఆదివారం పోటీకి నేరుగా మైదానానికే వస్తానని పెద్దకూతురింటికి వెళ్లారు. సరేగారు సరే అన్నారు. అప్పుడు మాత్రం మనసారా అన్నారు.

ఎనిమిదీ అయిదుకు భార్య వచ్చింది. ఆవిడ టైలరు, ముందుగదిలోనే షాపు. చేతిలో ఎర్రటి సిల్కు గుడ్డ ఉంది. ఊదితే ఎగిరిపోయేంత పల్చన. మూడు షాపులు తిరిగి తెచ్చి, పోగు ఎటు నడుస్తుందో చూసి, రెక్కల కొలతకు కత్తిరించి మరీ పెట్టింది.

"ఏవండీ, నాన్న ఏడు నెలలు కూర్చుని చేసిందానికి కాగితం అంటిస్తారా? వేలు తగిలితే చిరుగుతుంది. ఇది వేయండి," అంది.

కాదనడానికి సరేగారు నోరు తెరిచారు. సరే అన్న మాటే బయటికొచ్చింది.

ఆవిడ అటు వెళ్లిందో లేదో ఎదురింటి పళ్ల డాక్టరు గారొచ్చారు. క్లబ్బు కార్యదర్శి ఆయనే, పోటీలో గడియారం పట్టుకునేదీ ఆయనే. పెద్దాయన ఆఖరి విమానమని తెలిసి, తన సొంత డబ్బులతో ఎర్రటి ప్లాస్టిక్ ఫిల్ము తెప్పించారు. ఇస్త్రీపెట్టె తగిలిస్తే తనంతట తానే బిగుసుకుంటుందట, పదేళ్లయినా చెక్కుచెదరదట. పళ్ల డాక్టరు ఎదురుగా నిలబడి చెబుతుంటే ఎవరైనా నోరు తెరవాల్సిందే. సరేగారు తెరిచారు, మళ్లీ అదే మాట.

తొమ్మిదింటికి చూసుకుంటే బల్ల మీద మూడు ఎరుపులున్నాయి. మామగారి టిష్యూ, భార్య సిల్కు, డాక్టరు గారి ఫిల్ము. బస్సు రంగని ముగ్గురూ ఎరుపే ఎంచారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. గంటసేపు తల పట్టుకుని కూర్చుంటే ఒక ఉపాయం తట్టింది. ఎడమ రెక్కకు సిల్కు, కుడి రెక్కకు ఫిల్ము, తోకకు టిష్యూ. మైదానంలో భార్యను ఎడమవైపు, డాక్టరు గారిని కుడివైపు, మామగారిని వెనకవైపు నిలబెడితే ఎవరిది వాళ్లకు కనబడుతుంది. ఇంత తెలివి తనలో ఉన్నట్టు సరేగారికే అంతవరకు తెలియదు.

కష్టాలు ఎడమవైపు నుంచి మొదలయ్యాయి. సిల్కు బిగియాలంటే దాని మీద డోప్ అనే పల్చటి వార్నిషు పూయాలి. ఒక పూత పీల్చేసి చాలదంది, రెండోదీ చాలదంది. నాలుగు పూతలయ్యాక గానీ బిగుసుకోలేదు. ఈలోగా ఎడమ రెక్క బరువెక్కి విమానం ఒక పక్కకు ఒరిగింది. సరిచేయడానికి కుడి రెక్క చివర బంకమట్టి ముద్ద అంటించారు. తర్వాత ఆ ముద్ద బయటే ఉండేలా కుడి రెక్కకు ఫిల్ము వేసి ఇస్త్రీ చేశారు. అది కోటు కాలర్లు అణిచే టైలరు ఇస్త్రీపెట్టె. దాని వేడికి ఫిల్ము ముడుచుకుని రెక్క వెనక అంచును పైకి లాగేసింది. ఆ మెలి పోవడానికి, ఇంటికి తెచ్చుకున్న నాలుగు ఫిర్యాదుల రిజిస్టర్లను దాని మీద బరువు పెట్టారు. తెల్లారి తీసి చూస్తే మెలి ఎక్కడిదక్కడే ఉంది. పద్దెనిమిదేళ్లలో ఏ సమస్యనూ తీర్చని రిజిస్టర్లు ఇప్పుడు మాత్రం ఎలా తీరుస్తాయి?

మైదానంలో కాసేపు అంతా అనుకున్నట్టే జరిగింది. భార్య ఎడమవైపు నిలబడి మురిసిపోయింది, డాక్టరు గారు కుడివైపు నిలబడి తలాడించారు. ఆయన అంతటితో ఊరుకోక, ఫిల్ము ఎంత బాగా బిగిసిందో చూశారా అని ఆవిడను పలకరించారు. అది సిల్కు, నేనే కత్తిరించానంది ఆవిడ. ఈవిడకు కళ్లజోడు కావాలనుకున్నారు ఆయన. రోజంతా నోళ్లలోకి చూస్తే ఇంతేననుకుంది ఆవిడ. పోనీ ఎదుటివాళ్ల వైపు నుంచే చూద్దామని ఇద్దరూ ఒకేసారి అటువారు ఇటు, ఇటువారు అటు మారారు.

"మీరన్నదే నిజమమ్మా, సిల్కే," అన్నారు డాక్టరు గారు చిన్నబోయి.

"లేదండీ, ఫిల్మే," అంది ఆవిడ ఇంకా చిన్నబోయి.

ఈసారి చెరోవైపు నిలబడి అవతలివాళ్ల మాట కోసం వాదించుకున్నారు. చివరికి ఇద్దరూ మాట్లాడడం మానేసి సరేగారి వైపు తిరిగారు. సరేగారు తేలు కుట్టిన దొంగలా గడ్డి వైపు చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే మామగారు వచ్చారు. బస్సు తీసేముందు చుట్టూ తిరిగి చూసే అలవాటు ఆయనకు పోలేదు. విమానం చుట్టూ ఒక్కసారి నడిచి, గోటితో మూడుచోట్ల తట్టి చెవి పెట్టారు.

"ఎడమది సిల్కు, నాలుగు పూతలు. కుడిది ఫిల్ము, ఇస్త్రీ వేడెక్కింది. తోకకు టిష్యూ," అన్నారు.

"నేను ఎవరికీ కాదనలేకపోయాను మావయ్యగారూ. మీ ఆఖరి విమానాన్ని చెడగొట్టాను," అన్నారు సరేగారు.

మామగారు విమానాన్ని కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి, ముక్కు నుంచి తోక దాకా చాలాసేపు చూశారు. తర్వాత వణుకుతున్న వేళ్లతోనే కుడి రెక్క చివరున్న బంకమట్టిని గిల్లి పారేశారు.

"ఇది ఉంటే మళ్లీ గోడౌన్ల వెనక్కే. ముప్పయ్యేళ్లు రెండు రెక్కలూ తేడా లేకుండా చేశానండీ. అందుకే అన్నీ తిన్నగా పోయాయి. ఇది పోదు. ఎడమ బరువు దీన్ని తిప్పుతుంది, కుడి మెలి పడిపోకుండా పట్టుకుంటుంది. నా చెయ్యి వణుకుతోంది, మీరే వదలండి."

సరేగారు వదిలారు. విమానం పైకి లేచి, ఎడమకు ఒరిగి, మైదానం మీదే వెడల్పుగా ఒక చుట్టు తిరిగింది. ఆ పొద్దు అందరి విమానాలూ గోడ దాటిపోయాయి. ఇది మాత్రం ఇల్లు వదలని పిల్లిలా అక్కడక్కడే తిరుగుతూ, ఎండకు కాగిన నేల నుంచి లేచే వేడిగాలిని అందుకుని, రబ్బరు మెలి విడిపోయాక కూడా పైకే పోయింది. మామగారు అల్లుడి భుజం పట్టుకుని నిలబడ్డారు. రెండు నిమిషాలు దాటిందని డాక్టరు గారు చెప్పినప్పుడు సరేగారు సిగ్గుపడకుండా ఏడ్చేశారు. రెండు నిమిషాల ముప్పై ఏడు సెకన్లకు విమానం గడ్డి మీద వాలింది.

బోర్డు మీద మామగారి పేరు రాశారు, సమయం రాశారు. మూడో గడిలో కవరింగ్ దేనితో వేశారో రాయాలి. డాక్టరు గారు బ్రష్షు ఆపి సరేగారి వైపు చూశారు. భార్యా చూసింది. ఏ ఒక్కదాని పేరు చెప్పినా మిగతా ఇద్దరికీ కోపమొస్తుంది. సరేగారు నోరు తెరిచేలోపు మామగారు అందుకున్నారు.

"అల్లుడు అని రాయండి."

అలాగే రాశారు, ఇప్పటికీ అలాగే ఉంది. మొన్న కొత్తగా చేరిన సభ్యుడొకరు అదేదో విదేశీ కంపెనీ సరుకు అనుకుని, తనకూ రెండు మీటర్లు తెప్పించి పెట్టమని సరేగారిని అడిగితే, ఆయన సరే అన్నారు.