పక్కబడికి ప్రతిభ, మా బడికి ప్రశాంతత

ప్రతి మామూలు హైస్కూలు పక్కనా బాగా చదివే పిల్లలకని ఒక ప్రత్యేక హైస్కూలు కట్టి తీరాలని ప్రభుత్వానికి మనవి చేసుకుంటున్నాను. నవ్వకండి! వెంకటాచలం దగ్గరున్న మా ఊళ్ళో కట్టారు. దాంతో మా పాత జిల్లా పరిషత్ హైస్కూలు దశ తిరిగిపోయింది.

కొత్త బడికి ఎంట్రన్స్ టెస్టు ఉంది. మా దగ్గర బాగా చదివే పిల్లలంతా అది రాసి వెళ్ళిపోయారు. ఫలితం? ఇప్పుడు ఫస్టు ర్యాంకు కోసం పోటీయే లేదు! బెంచీకి ఒక పిల్ల, పిల్లకొక ఫ్యాను. ఏ కార్పొరేట్ బడిలో ఉందండీ ఈ వైభోగం?

పిల్లలు తగ్గారని లెక్కల మాస్టారు నరేంద్రబాబు గారిని కూడా డిప్యుటేషన్ మీద అక్కడికే పంపారు. మా పిల్లలకు లెక్కలంటే భయం పూర్తిగా పోయింది. లెక్కలుంటే కదా భయం!

మా వాళ్ళ పెద్దమనసు చూడండి. వెళ్ళిపోయిన పిల్లలకు మా బడిలోనే సన్మానం చేశారు. వాళ్ళ ఫోటోలతో ఫ్లెక్సీ వేయించి మా గోడకే కట్టారు. ఉండిపోయిన పిల్లల చేత కుర్చీలు మోయించి, చప్పట్లు కూడా కొట్టించారు. ఇంతకన్నా మోటివేషన్ ఏం కావాలి?

మా బడిలో గ్రూపు లీడరు అని ఒక పద్ధతుంది. వెనకబడ్డ పిల్లలు బాగా చదివే పిల్లకు పాఠం అప్పజెప్పాలి, రాని లెక్కలు చెప్పించుకోవాలి. లీడర్లంతా పోవడంతో పదో తరగతి రేవతిని అన్ని గ్రూపులకీ లీడరుని చేసేశారు. మొన్నటిదాకా వెన్నెల అనే లీడరు దగ్గర లెక్కలు చెప్పించుకున్న అమ్మాయికి ఎంత ప్రమోషనో!

రేవతికి పాలిటెక్నిక్ సీటు కావాలి. దానికి లెక్కలు రావాలి. ఈ వైభోగం చూద్దామని నేను బడికి వెళ్ళిన రోజున, హెడ్మాస్టరు పద్మనాభయ్య గారిని నా ముందే అడిగింది.

"సార్, అందురూ నాకు అప్పజెప్తా ఉండారు. నాకు రానియ్యి ఎవుర్ని అడగాల?"

"పక్కబడోళ్ళు పదో క్లాసుకి మళ్ళీ టెస్టు పెడతారంటమ్మా. బాగా ప్రిపేరయ్యి నువ్వు గూడా ఆడికే పో."

"ఆ టెస్టుకి లెక్కలు ఎవురు చెప్తారు సార్?"

ఆయన నా వైపు చూశారు. ఇన్నేళ్ళుగా కాలమ్ రాస్తున్న నేను ఫ్యాను వైపు చూశాను. సిగ్గేసింది. రేవతి అప్పజెప్పడానికి కాచుకున్న పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

లెక్కలు వచ్చిన పిల్లల కోసం, లెక్కలు రాని పిల్లల మాస్టారిని తీసుకుపోయారు. ఇందులో మేలు ఉండే ఉంటుంది, నాకే ఇంకా దొరకలేదు. మీకు దొరికితే నాకు రాయకండి, వెళ్ళి రేవతికి చెప్పండి.