అక్షింతల పురుగు గెలుపు

పొదిలి దగ్గర ఒక ఊళ్ళో వ్యవసాయ సహాయకురాలిగా పనిచేస్తున్న సిద్దికా ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న పని. పై అధికారి వచ్చేసరికి నలుగురైదుగురికి మించి రైతుల్ని కూర్చోబెట్టి, పురుగులన్నీ శత్రువులు కావని చెప్పాలి. గత నెల సమావేశానికి వచ్చింది ముగ్గురు. ఈసారీ అంతే అయితే సంజాయిషీ రాసుకోవాలి.

అందుకని రెండు వేట పురుగుల్ని సిద్ధం చేసుకుంది. మిరపాకు మీద పేనుబంకను తినే అక్షింతల పురుగు ఒకటి. నీళ్ళలో దోమ పిల్లల్ని తినే తూనీగ పిల్ల ఇంకొకటి. దీన్ని పొన్నూరులో పుట్టింటివాళ్ళ వరిమడి నుంచి సీసాలో పోసుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఊరి వాట్సాప్ గ్రూపులో "రెండు వేట పురుగుల మధ్య పోలిక" అని పెట్టబోయి, హడావిడిలో "పోటీ" అని పెట్టింది.

పదింటికల్లా రెండొందల మంది వచ్చారు. ఎవరో షామియానా వేయించారు, ఎవరో మైకు తెచ్చారు. మెట్ట పురుగు తరఫున మిరప రైతు ఆదెయ్య, మాగాణి పురుగు తరఫున పొన్నూరు నుంచి ఇల్లరికం వచ్చిన మరియదాసు ముందు వరసలో కూర్చున్నారు. ఇవి కొట్టుకోవని, ఒకటి నీళ్ళలో బతకదని, రెండోది బయట బతకదని సిద్దికా అరగంట చెప్పింది. జనానికి అర్థమైంది ఒక్కటే: స్థలం కుదరలేదు.

"నీదాన్ని సీసాలోకి దించు ఆదెయ్యా, తేలిపోద్ది," అన్నాడు మరియదాసు.

"ముందు నీదాన్ని ఆకు మీదకి రమ్మను. ఒడ్డెక్కలేనిది ఏం వేట పురుగురా?"

మాటా మాటా పెరిగి కుర్చీలు పైకి లేచాయి. అప్పుడే బయట అధికారి జీపు ఆగింది. ఏం చేయాలో తోచక సిద్దికా మైకు అందుకుంది.

"కొట్టుకోవడం కాదండీ, తినడంలో పోటీ. గంటలో ఏది ఎక్కువ తింటే అది గెలిచినట్టు."

కుర్చీలు దిగాయి. అధికారి లోపలికి వచ్చేసరికి రెండొందల మంది ఊపిరి బిగబట్టి ఆకు మీద పేనుబంకనీ, సీసాలో దోమ పిల్లల్నీ లెక్కపెడుతున్నారు. పాతికేళ్ళ సర్వీసులో ఆయన ఇలాంటి దృశ్యం చూడలేదు. కళ్ళు తుడుచుకుని ఫొటో తీశాడు. మిత్రపురుగుల మీద రైతులకి ఇంత ప్రేమ ఎలా కలిగించావని అడిగాడు. సిద్దికా నిజం చెబుదామని నోరు తెరిచి, ప్రశంసాపత్రం మాట వినగానే మూసుకుంది.

గంటయ్యేసరికి లెక్క తొమ్మిది, ఆరు. అక్షింతల పురుగు గెలిచింది. ఆదెయ్య దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, డప్పులతో ఊరేగించి, తన మిరపచేలో మొదటి సాలులో భద్రంగా వదిలాడు. ఒక్క రైతైనా మారాడని సిద్దికాకి మనసు నిండిపోయింది.

గెలిచిన పురుగు జోలికి మరే పురుగూ రాకూడదని ఆదెయ్య ఆ సాయంత్రమే చేనంతా మందు కొట్టాడు.